1966 మస్టాంగ్ ముందు సస్పెన్షన్: టవర్లు కోయకండి, పై ఆర్మ్‌ని ఒక అంగుళం దించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. టెక్సస్‌లో 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే కొన్నారు. 289 వీ8 ఇంజిన్, మాన్యువల్ స్టీరింగ్. ముందు వైపు అంగుళం తగ్గే స్ప్రింగులు పాత ఓనరే వేయించాడు. ఫ్రీవే మీద కారు తిన్నగా పోదు, స్టీరింగ్ అటూ ఇటూ సర్దుతూనే ఉండాలి. మలుపులో కాస్త స్పీడుగా తిప్పితే ముందు భాగం బయటికి తోసుకుపోతుంది. ముందు టైర్ల బయటి అంచులు అప్పుడే నున్నగా అరిగిపోయాయి. షెల్బీ డ్రాప్ (ముందు సస్పెన్షన్ పై ఆర్మ్ లోపలి చివరని ఒక అంగుళం దించడం) చేయించాలా, లేక షాక్ టవర్లు (ఇంజిన్‌కి రెండు పక్కలా స్ప్రింగులు, షాక్‌లు ఉండే రేకు గూళ్లు) కోయించి పూర్తిగా కొత్త సస్పెన్షన్ కిట్ పెట్టించాలా అని అడిగారు.

టవర్లు కోయించకండి, షెల్బీ డ్రాప్ చేయండి. రోడ్డు మీద తిప్పుకునే 65, 66 మస్టాంగ్‌కి పెట్టిన ఖర్చుకి ఇంత ఫలితం ఇచ్చే మార్పు ఇంకొకటి లేదని చాలా ఏళ్లుగా ఈ కార్ల మీద పనిచేస్తున్నవాడిగా చెప్పగలను. అయితే మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ ఒకే కారణంతో వచ్చినవి కావు. మలుపులో తోసుకుపోవడం చాలావరకు జ్యామెట్రీ సమస్య. ఫ్రీవే మీద నిలకడ లేకపోవడం ఎక్కువగా క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం), అరిగిన స్టీరింగ్ భాగాల సమస్య. టైర్ల అరుగుదల ఈ రెంటిలో దేనివల్లయినా రావచ్చు. డ్రిల్ పట్టేముందు వీటిని విడదీసి చూసుకోవాలి.

ముందు ఆ సస్పెన్షన్ ఎలా కూర్చారో చెబుతాను. 1964 ఏప్రిల్‌లో మస్టాంగ్ బయటికి వచ్చినప్పుడు దాని కింది నిర్మాణం చాలావరకు ఫాల్కన్‌దే. చవకగా, కుటుంబాల కోసం చేసిన చిన్న కారు అది. కింద ఒకే బోల్ట్ మీద ఊగే సన్నటి లోయర్ ఆర్మ్, అది ముందుకూ వెనక్కీ కదలకుండా ఫ్రేమ్ ముందు భాగానికి కట్టిన స్ట్రట్ రాడ్. పైన త్రికోణంలా ఉండే అప్పర్ ఆర్మ్. దాని షాఫ్ట్ షాక్ టవర్ గోడకి చక్రం వైపు నుంచి కూర్చుంటుంది, రెండు బోల్టుల నట్లు ఇంజిన్ వైపు ఉంటాయి. కాయిల్ స్ప్రింగ్ పై ఆర్మ్ మీదే నిలబడి, టవర్ పైకప్పుని మోస్తుంది. కారు ముందు బరువంతా టవర్ల మీదుగానే దిగుతుంది. ఇది గుర్తుంచుకోండి, టవర్లు కోయవద్దని ఎందుకంటున్నానో తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు లోపం. మలుపులో బాడీ బయటి వైపుకి వాలుతుంది. బాడీ మూడు డిగ్రీలు వాలిందనుకోండి. సస్పెన్షన్ ఏమీ సరిచేయకపోతే బయటి చక్రం కూడా రోడ్డుతో పోలిస్తే మూడు డిగ్రీలు బయటికి వాలిపోతుంది. అప్పుడు టైరు బయటి భుజం మీద నిలబడుతుంది, లోపలి సగం గాల్లో ఉన్నట్టే. మంచి జ్యామెట్రీలో స్ప్రింగ్ నొక్కుకున్న కొద్దీ పై బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రం వైపు భాగానికి కలిపే గుండ్రటి కీలు) లోపలికి లాక్కుంటుంది, చక్రం నెగటివ్ క్యాంబర్ వైపు, అంటే పై అంచు లోపలికి, వంగి బాడీ వాలులో కొంతైనా తీర్చేస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మస్టాంగ్‌లో పై ఆర్మ్ లోపలి చివర మరీ ఎత్తులో ఉంది. ఆర్మ్ పైకి ఊగినప్పుడు బాల్ జాయింట్ లోపలికి రావాల్సినంత రాదు. అందుకే బయటి టైరు మడమ తిరిగినట్టు మడతపడి, ముందు భాగం తోసుకుపోతుంది.

ఆ లోపలి చివరని ఒక అంగుళం కిందికి దించితే ఆర్మ్ బాల్ జాయింట్ నుంచి టవర్ వైపు కిందికి వాలి ఉంటుంది. అప్పుడు చక్రం పైకి లేచిన ప్రతిసారీ బాల్ జాయింట్ లోపలికి వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే పై ఆర్మ్, కింది ఆర్మ్ గీతలు పొడిగించినప్పుడు కలిసే చోటు చక్రానికి దగ్గరవుతుంది, దాంతో రోల్ సెంటర్ (బాడీ ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది) పైకి లేస్తుంది. రోల్ సెంటర్ పైకి వస్తే బాడీ వాలడమే తగ్గుతుంది. స్ప్రింగ్ గట్టిగా మార్చకుండానే ఇది దొరుకుతుంది, కాబట్టి గతుకుల్లో కుదుపు పెరగదు.

"నా కారు ఎలాగూ అంగుళం తగ్గింది కదా, అదే పని జరగలేదా" అని మీకు అనుమానం రావచ్చు. సగమే జరిగింది. కారు మొత్తం దిగితే పై ఆర్మ్ లోపలి చివరతో పాటు కింది ఆర్మ్ లోపలి చివర కూడా దిగుతుంది. క్యాంబర్ కొంచెం మెరుగుపడుతుంది కానీ కింది ఆర్మ్ కోణం మారిపోయి రోల్ సెంటర్ కిందికి జారుతుంది. షెల్బీ డ్రాప్‌లో పై చివర ఒక్కటే దిగుతుంది, కింది ఆర్మ్ తన చోటే ఉంటుంది. ఈ తేడా తెలియకనే చాలామంది స్ప్రింగులు మార్చి, చూడ్డానికి బాగుంది కానీ కారు తిరగడం లేదని వాపోతుంటారు.

పేరు షెల్బీది కానీ లెక్క ఫోర్డ్ ఇంజినీర్ క్లాస్ ఆర్నింగ్‌ది. అందుకే కొందరు ఆర్నింగ్ డ్రాప్ అంటారు. మస్టాంగ్‌లని మార్చి చేసిన 1965 జీటీ350 కార్లకి షెల్బీ అమెరికన్ కంపెనీవాళ్లు పై ఆర్మ్‌ని ఇలాగే దించి, ముందు ఒక అంగుళం మందం యాంటీ రోల్ బార్ (బాడీ వాలడాన్ని తగ్గించే కడ్డీ), కోనీ షాక్స్ కూడా వేశారు. 1966లో పాత భాగాలతో కట్టిన తొలి కార్ల తర్వాత ఖర్చు, శ్రమ తగ్గించుకోవడానికి ఈ మార్పుని వదిలేశారు. 1967 మోడల్ వచ్చేసరికి ఫోర్డే పై ఆర్మ్ అమరిక మార్చింది. కాబట్టి 67 ఆపై కార్ల టెంప్లేట్ (కొత్త బెజ్జాల చోటు చూపే అచ్చు) మీ కారుకి పనికిరాదు, మీది వాటికి పనికిరాదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు సంవత్సరం చూసి కొనండి.

కొనేముందు ఇంకో పని. బానెట్ ఎత్తి టార్చ్‌లైట్ వేసి టవర్ మీద పై ఆర్మ్ నట్లు చూడండి. వాటికి సరిగ్గా అంగుళం పైన ఖాళీ బెజ్జాలు రెండు కనిపిస్తే మీ కారుకి డ్రాప్ ఎవరో ఎప్పుడో చేసేశారు! అరవై ఏళ్ల కారు, ఎన్ని చేతులు మారిందో, ఎవరేం చేశారో. బెజ్జాలు వెల్డింగ్‌తో పూడ్చి రంగు వేసినా, వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది.

అక్కడే ఉన్నప్పుడు టవర్‌లో చీలికలు కూడా వెతకండి. పై ఆర్మ్ బోల్టుల చుట్టూ, స్ప్రింగ్ పైన ఆనే చోట, టవర్ కింది ఫ్రేమ్‌ని కలిసే అతుకు దగ్గర. గ్రీజు, మట్టి శుభ్రంగా తుడిచి చూస్తేగానీ వెంట్రుకంత చీలిక కనబడదు. చీలిక ఉంటే ముందు మంచి వెల్డర్ చేత అతికించి, ఆ తర్వాతే బెజ్జాల మాట. రెండు టవర్లనీ ఇంజిన్ వెనక గోడకి (ఫైర్‌వాల్) కట్టే ఎక్స్‌పోర్ట్ బ్రేస్, రెండు టవర్లనీ ఒకదానితో ఒకటి కట్టే మాంటే కార్లో బార్ లేకపోతే ఇప్పుడే పెట్టించండి. ఈ కార్ల టవర్లు ఏళ్లు గడిచేకొద్దీ లోపలికి వంగుతాయి. వంగిన టవర్ మీద ఎంత కొలిచినా కొలత నిలవదు.

ఇక ఫ్రీవే మీద నిలకడ సంగతి. కారు నేల మీదే ఉంచి, ఇంకొకరిని స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమని, మీరు కింద పడుకుని స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల దాకా ఉన్న కడ్డీలు, కీళ్లు చూడండి. ఐడ్లర్ ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతోందా, సెంటర్ లింక్ కీళ్లలో ఆట ఉందా, టై రాడ్ చివరలు ముందు కదిలి చక్రం ఆలస్యంగా కదులుతోందా? స్టీరింగ్ బాక్స్ లోపలికి వెళ్లే షాఫ్ట్ తిరిగినా పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి బయటికి వచ్చే చెయ్యి) తిరగకపోతే ఆట బాక్స్‌లోనే ఉంది. ఇవి మార్చకుండా జ్యామెట్రీ ఎంత సరిదిద్దినా ఫలితం కనిపించదు.

టైరు అరిగిన తీరు కూడా చెయ్యి వేసి చూడండి. ట్రెడ్ మీద అరచేతిని లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపపు పళ్లలా గీరుకుంటే అది టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తేడా. పళ్ల పదును కారు లోపలి వైపుకి ఉంటే టో-ఇన్, అంటే లోపలికి తిరగడం, ఎక్కువైంది. పళ్లు లేకుండా బయటి భుజం గుండ్రంగా అరిగితే అది మలుపుల్లో టైరు వాలిపోవడం వల్ల, అంటే మనం మాట్లాడుకుంటున్న లోపమే.

రబ్బరు భాగాల్లో ముఖ్యంగా స్ట్రట్ రాడ్ బుష్‌లు చూడండి. అవి చితికిపోతే బ్రేక్ వేసినప్పుడు కింది బాల్ జాయింట్ వెనక్కి జరుగుతుంది, క్యాస్టర్ మారిపోతుంది, కారు ఒక పక్కకి లాగుతుంది. మార్చేటప్పుడు పాలీయురేథేన్ బుష్‌లు కొనకండి. ఆ రాడ్ చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగాలి, పాలీ మరీ గట్టిగా ఉండి ఊగనివ్వదు. ప్రతి గతుకులోనూ రాడ్ మెడ దగ్గర వంగి, కొన్నాళ్లకి విరుగుతుంది. మంచి రబ్బరు వేయండి, లేదా బాల్ కీలు ఉన్న అడ్జస్టబుల్ రాడ్ వేయండి. ఈ రెండో దానితో క్యాస్టర్ సర్దడం కూడా సులువు.

ఇప్పుడు పని. అన్నిటికంటే ముందు స్ప్రింగ్ గురించి. ఈ పనిలో నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే మనిషిని చంపగలదు. పార్ట్స్ షాపులో అద్దెకిచ్చే, బయట నుంచి కొక్కేలు తగిలించే కంప్రెసర్ ఇక్కడ పనికిరాదు. షాక్‌ని పైనుంచి తీసేశాక ఆ దారిలోంచి టవర్ లోపలికి దింపి, స్ప్రింగ్ చుట్లని లోపలి నుంచి పట్టుకునే రకం కావాలి, ఈ పాత ఫోర్డ్ కార్ల కోసమే అమ్ముతారు. కారు ఫ్రేమ్ కింద స్టాండ్ల మీద నిలవాలి, జాక్ మీద కాదు. బిగించేటప్పుడు స్ప్రింగ్ ఎదురుగా ముఖం పెట్టకండి. కంప్రెసర్ కొక్కెం చుట్టు మీద సరిగ్గా కూర్చోలేదనిపిస్తే వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి. మొదటిసారి అయితే ఇదివరకు చేసినవాళ్లని పక్కన పెట్టుకోండి.

స్ప్రింగ్ బయటికి వచ్చాక ఇంజిన్ వైపు నట్లు తీసి పై ఆర్మ్‌ని టవర్ నుంచి విడదీయండి. షాఫ్ట్‌కీ టవర్‌కీ మధ్య షిమ్‌లు (సర్దుబాటు కోసం పెట్టే పలచటి రేకు ముక్కలు) ఎన్ని ఉన్నాయో, ముందు బోల్ట్‌కి ఏవి, వెనక బోల్ట్‌కి ఏవి అని కవర్లలో వేసి రాసి పెట్టుకోండి. బ్రేక్ గొట్టం మీద బరువు పడకుండా చక్రం వైపు భాగాన్ని తీగతో పైకి కట్టండి. టెంప్లేట్‌ని పాత బెజ్జాల్లోనే బోల్టులతో బిగిస్తారు, కొత్త బెజ్జాలు ఒక అంగుళం కింద వస్తాయి. కొన్ని టెంప్లేట్లు అంగుళంలో ఎనిమిదో వంతు వెనక్కి కూడా జరుపుతాయి, దానివల్ల క్యాస్టర్ కొంత దొరుకుతుంది. రేడియల్ టైర్లు వాడే మీలాంటివాళ్లకి నేను దాన్నే సూచిస్తాను. కాగితం మీద ప్రింట్ తీసిన టెంప్లేట్ జోలికి పోవద్దు. ప్రింటర్ పేజీకి సరిపడేలా కుదించిందంటే కొలత పోయినట్టే. స్టీల్ ప్లేట్‌తో చేసినదే తెచ్చుకోండి.

డ్రిల్ చేసేముందు టవర్ అవతల ఏముందో చూడండి: బ్రేక్ పైపు, వైర్లు, హెడర్లు (ఫ్యాక్టరీవి తీసి వేసే ఎగ్జాస్ట్ గొట్టాలు) వేసి ఉంటే వాటి గొట్టం. కొత్త నట్లు అంగుళం కిందికి వస్తాయి కాబట్టి హెడర్లు ఉన్న కారులో నట్ మీదికి సాకెట్ దూరుతుందో లేదో ముందే తేల్చుకోండి. సన్న బిట్‌తో మొదలుపెట్టి, బిట్ సైజు పెంచుకుంటూ చివరికి 17/32 అంగుళానికి తీసుకురండి. అక్కడ రేకు ఒక పొర కాదు, లోపల బలానికి ఇంకో పొర ఉంటుంది. మొదటి పొర దాటగానే బిట్ ఒక్కసారి జారినట్టై రెండో పొర మీద పక్కకి తప్పుకోవాలని చూస్తుంది. వేగం తగ్గించి, కటింగ్ ఆయిల్ వేస్తూ, తిన్నగా పట్టుకోండి. అంచుల గరుకు తీసేసి, బయటపడ్డ లోహానికి ప్రైమర్, రంగు వేయండి. ఇది మరిచిపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. పాత బెజ్జాలు పూడ్చాల్సిన అవసరం లేదు, రబ్బరు మూత పెట్టినా చాలు.

పై ఆర్మ్ చేతిలో ఉన్నప్పుడే దాని ఇనుప మరల బుష్‌లు తిప్పి చూడండి. ఈ ఏళ్ల మస్టాంగ్‌లు గతుకుల్లో కిర్రుమనేది వీటివల్లే. గ్రీజు పెట్టే చోట ప్లగ్ ఉంటుంది, టవర్ అడ్డం వల్ల గ్రీజు గన్ దూరదు, అందుకని దశాబ్దాల తరబడి ఎవరూ ముట్టుకోరు. ఇప్పుడు గ్రీజు పెట్టండి, ఆట ఉంటే ఆర్మే మార్చండి. స్ప్రింగ్ కూర్చునే పీట కూడా తేలిగ్గా ఊగాలి. తుప్పుతో బిగుసుకుపోతే మీరు ఎంత మంచి షాక్ వేసినా సస్పెన్షన్ ముద్దగానే ఉంటుంది.

ఆర్మ్ కొత్త బెజ్జాల్లో పెట్టాక స్ప్రింగ్ వెంటనే పెట్టేయకండి. ఇక్కడ ఒక గంట ఆగడం చాలా అవసరం. స్ప్రింగ్ లేకుండా కింద జాక్ పెట్టి చక్రాన్ని పూర్తిగా పైకీ పూర్తిగా కిందికీ కదిలించి చూడండి. పై బాల్ జాయింట్ కొస దాని గిన్నె అంచుకి ఎక్కడైనా తగిలి బిగుస్తోందా? ఒక అంగుళం డ్రాప్‌లో మామూలుగా తగలదు. కానీ అంగుళం మంచిదైతే అంగుళంన్నర ఇంకా మంచిది కదా అని దించినవాళ్లకి పైకొసలో తగులుతుంది, అప్పుడు బాల్ జాయింట్ కింద కోణపు వెడ్జ్ పెట్టక తప్పదు. బిగిసిన బాల్ జాయింట్ ఒకరోజు విరుగుతుంది. మీరు అంగుళం దగ్గరే ఆగండి.

అదే సమయంలో బంప్ స్టీర్ కూడా కొలవండి. హబ్‌కి ఒక చదునైన పలక బిగించి, దాని ముందు అంచు, వెనక అంచు ఎంత జరుగుతున్నాయో, చక్రాన్ని రెండంగుళాలు పైకి, రెండంగుళాలు కిందికి కదిలిస్తూ చూడాలి. రెండు అంచులూ సమానంగా జరిగితే బాగున్నట్టే. ఒకటి ఎక్కువ జరిగితే గతుకు వచ్చిన ప్రతిసారీ చక్రం తనంతట తానే స్టీర్ అవుతోందన్నమాట. తేడా ఎక్కువగా ఉంటే టై రాడ్ బయటి కీలు ఎత్తు మార్చే కిట్లు ఉన్నాయి. కొలవకుండా అవి కొనకండి.

తిరిగి బిగించేటప్పుడు ఒక సంగతి. లోయర్ ఆర్మ్ లోపలి బోల్ట్‌ని కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు ఇవ్వాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది, కారు ఎత్తు తేడాగా నిలుస్తుంది, బుష్ త్వరగా చిరుగుతుంది. బిగింపు లెక్కలన్నీ ఫోర్డ్ షాప్ మాన్యువల్‌లో ఉన్నాయి, వాటినే వాడండి.

డ్రాప్ వల్ల ముందు భాగం ఇంకో అరంగుళం పైచిలుకు దిగుతుంది. మీ కారు ఇప్పటికే అంగుళం తక్కువ. స్ప్రింగ్ పై ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి స్ప్రింగ్ దగ్గర కదలిక చక్రం దగ్గర కదలికలో సుమారు సగం. స్ప్రింగ్ అరంగుళం తగ్గితే చక్రం దగ్గర దాదాపు అంగుళం తగ్గినట్టు. అందుకే మరీ కిందికి దిగిందనిపిస్తే స్ప్రింగ్ పైన పలచటి రబ్బరు ప్యాడ్ వేసినా ఎత్తు తిరిగి వస్తుంది. కారు నేల మీద నాలుగు రోజులు తిరిగి కుదురుకున్నాకే ఆ నిర్ణయం తీసుకోండి.

ఇక అలైన్‌మెంట్. పని అయ్యాక కారుని నెమ్మదిగా నేరుగా అలైన్‌మెంట్ షాపుకే తీసుకెళ్లాలి, టో అంత తప్పిపోయి ఉంటుంది. షాపువాళ్లు కంప్యూటర్‌లో 1966 మస్టాంగ్ అని కొట్టి వచ్చిన నంబర్లు పెట్టేస్తారు. అవి ఆ కాలపు బయాస్ ప్లై టైర్ల కోసం రాసినవి, క్యాస్టర్ చాలా తక్కువ. మీ రేడియల్ టైర్లకి కావాల్సినవి వేరు. కాగితం మీద రాసి చేతికివ్వండి: క్యాంబర్ రెండు వైపులా మైనస్ అర డిగ్రీ నుంచి మైనస్ ముప్పావు డిగ్రీ, క్యాస్టర్ ప్లస్ రెండు నుంచి ప్లస్ మూడు డిగ్రీలు, టో-ఇన్ మొత్తం కలిపి అంగుళంలో ఎనిమిదో వంతు. మాన్యువల్ స్టీరింగ్ కాబట్టి క్యాస్టర్ రెండు దగ్గర మొదలుపెట్టండి. మూడు పెడితే ఫ్రీవే మీద ఇంకా తిన్నగా పోతుంది, కానీ పార్కింగ్‌లో చేతులకి బరువు తెలుస్తుంది.

ఈ కారుని షిమ్‌లతో సర్దాలని ఈ తరం మెకానిక్‌లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు దొరికే షాపు వెతకండి, లేదా మీరే దగ్గరుండి చెప్పండి. షిమ్ తీస్తే ఆర్మ్ లోపలికి వస్తుంది, క్యాంబర్ నెగటివ్ వైపు పోతుంది. షిమ్ చేరిస్తే పాజిటివ్ వైపు. క్యాస్టర్ కోసం ముందు బోల్ట్‌కీ వెనక బోల్ట్‌కీ షిమ్ తేడా బాగా పెంచితే షాఫ్ట్ వంకరగా బిగుసుకుంటుంది. అందుకే క్యాస్టర్ ఎక్కువ భాగం స్ట్రట్ రాడ్ పొట్టి చేసి తెచ్చుకోవడం మేలు. రాడ్ పొట్టి అయితే కింది బాల్ జాయింట్ ముందుకి వస్తుంది, క్యాస్టర్ పెరుగుతుంది.

చివరగా మీరడిగిన కిట్ సంగతి. టవర్లు కోసేసి పెట్టే, మస్టాంగ్ 2 అనే తర్వాతి మోడల్ పద్ధతిలో చేసిన కిట్లలో స్ప్రింగ్ బరువు టవర్ పైకప్పు నుంచి తప్పుకుని కింది ఫ్రేమ్ రేకుల మీద పడుతుంది. ఆ రేకులు ఆ బరువు కోసం కట్టినవి కావు, వాటికి బలం చేకూర్చే వెల్డింగ్ అంతా కొత్తగా చేయాలి. పెద్ద ఇంజిన్ పట్టడానికి చోటు కావాలంటే ఆ కిట్‌కి అర్థముంది. 289 మీ కారులో హాయిగా ఇమిడే ఉంది. పైగా టవర్లు కోసిన కారుని తిరిగి అసలు రూపానికి తేవడం అయ్యే పని కాదు. డ్రాప్ తర్వాత డబ్బులు మిగిలితే ముందు అంగుళం యాంటీ రోల్ బార్, ఆపై మంచి షాక్స్ వేసుకోండి. ఒక్కొక్కటి వేసి కొన్నాళ్లు నడిపి చూశాకే తర్వాతది. ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ కిట్ మీద కూడా మోజు పుడితే, ఆ కిట్‌తో బంప్ స్టీర్ ఎంతో కొలిచిన లెక్క అమ్మేవాళ్లని అడగండి. ఆ లెక్క చూపించలేని కిట్‌ని కొనకండి.